కార్మిక నష్టపరిహారం: కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతం

పని చేస్తుండగా, ఆ పని కారణంగానే జరిగిన ప్రమాదంలో గాయపడిన కార్మికులకు, మరణించినవారి కుటుంబాలకు యజమాని చట్టప్రకారం చెల్లించాల్సిన సొమ్మును కార్మిక నష్టపరిహారం అంటారు. యజమాని నిర్లక్ష్యం వల్లే ప్రమాదం జరిగిందని కార్మికుడు రుజువు చేయనక్కరలేదు. ప్రమాదం జరిగిందని, అది పనికి సంబంధించినదని, తాను ఆ యజమాని దగ్గర పనిచేస్తున్నానని చూపిస్తే చాలు. ఈ మూడింటిలో చివరిదాన్ని చూపడమే పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో అన్నిటికంటే కష్టం. ఇక్కడి పనుల్లో ఎక్కువ భాగం కాంట్రాక్టరు, ఆసామి, టేకేదారు, ముఠా మేస్త్రి వంటి మధ్యవర్తుల చేతుల మీదుగా నడుస్తుంది.

2016 అక్టోబరు 11న జరిగిన పునర్విభజనతో పాత కరీంనగర్ జిల్లా ప్రధానంగా కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల జిల్లాలైంది. పాత ఆదిలాబాద్ జిల్లా ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలైంది. ఈ వ్యాసంలో ‘ఈ ప్రాంతం’ అంటే ఈ ఎనిమిది జిల్లాలు.

చరిత్ర

భారతదేశంలో 1855 నాటి ప్రాణాంతక ప్రమాదాల చట్టం కింద చనిపోయినవారి కుటుంబం దావా వేయవచ్చు కానీ, ఎదుటివారి తప్పును రుజువు చేయాల్సి వచ్చేది. కార్మికుడికి అది దాదాపు అసాధ్యమైన పని. తప్పుతో నిమిత్తం లేకుండా పరిహారం ఇవ్వాలన్న సూత్రాన్ని జర్మనీ 1884లో ప్రమాద బీమా చట్టంగా, బ్రిటన్ 1897లో యజమాని బాధ్యతగా తెచ్చాయి. బ్రిటిష్ నమూనాలోనే భారతదేశంలో 1923లో పనివారి నష్టపరిహార చట్టం వచ్చి, 1924 జూలై 1 నుంచి అమలైంది. అప్పటికి కరీంనగర్, ఆదిలాబాద్ నిజాం రాజ్యంలో ఉన్నందున బ్రిటిష్ ఇండియా చట్టం ఇక్కడ వర్తించలేదు. హైదరాబాద్ రాష్ట్రం భారత యూనియన్‌లో చేరాక, 1951లో పార్ట్-బి రాష్ట్రాల చట్టంతో కేంద్ర చట్టం ఇక్కడికి విస్తరించింది.

ఈలోపే ఇక్కడ పరిశ్రమలు పాతుకున్నాయి. 1920 డిసెంబరు 23న ఏర్పడిన సింగరేణి కాలరీస్ కంపెనీ ఇల్లెందు నుంచి బెల్లంపల్లి వైపు విస్తరించింది. సిర్పూర్ కాగజ్‌నగర్‌లో 1938లో పేపరు మిల్లు కంపెనీ ఏర్పడింది. తరువాతి దశాబ్దాల్లో గోదావరిఖని గనులు, రామగుండం విద్యుత్ కేంద్రం, బసంత్‌నగర్, మంచిర్యాల, దేవాపూర్ సిమెంటు ఫ్యాక్టరీలు, సిరిసిల్ల మరమగ్గాలు, కరీంనగర్ గ్రానైటు క్వారీలు వచ్చాయి.

చట్టం కూడా మారుతూ వచ్చింది. 1984 సవరణ పరిహారాన్ని వయసుతో ముడిపెట్టి గుణకాల పట్టిక తెచ్చింది. 1995లో శాతాలు పెరిగాయి. 2009 సవరణ ‘పనివాడు’ అన్న మాట తీసేసి ‘ఉద్యోగి’ అని పెట్టింది, గుమాస్తా పనివారినీ చేర్చింది, వైద్య ఖర్చుల చెల్లింపును తప్పనిసరి చేసింది. ఇది 2010 జనవరి 18 నుంచి అమల్లోకి వచ్చింది. లెక్కకు తీసుకునే నెల జీతం గరిష్ఠ పరిమితి 2000లో రూ.4,000, 2010లో రూ.8,000, 2020 జనవరి 3 నుంచి రూ.15,000. మధ్యలో పదేళ్లు ఆ పరిమితి కదలలేదు. ఆ పదేళ్లలో గాయపడినవారికి నిజంగా అందుతున్న జీతం అంతకు మించి ఎంతున్నా రూ.8,000గానే లెక్క కట్టారు.

రెండు చట్టాలు, రెండు దారులు

యజమాని బాధ్యత మీద నడిచే 1923 చట్టం ఒక దారి. బీమా మీద నడిచే ఉద్యోగుల రాజ్య బీమా చట్టం (1948), అంటే ఇఎస్ఐ, రెండో దారి. 2025 నవంబరు 21న ఈ రెండు చట్టాలూ సామాజిక భద్రత కోడ్‌లో కలిశాయి. కింద చెప్పినది అంతకు ముందు జరిగిన ప్రమాదాలకు వర్తించే పాత చట్టాల తీరు. కోడ్ తెచ్చిన మార్పులు చివరి భాగంలో ఉన్నాయి. ఇఎస్ఐ కింద బీమా ఉన్న కార్మికుడు పని గాయానికి 1923 చట్టం కింద యజమానిని పరిహారం అడగలేడు. 1948 చట్టంలోని 53వ సెక్షన్ దాన్ని నిషేధించింది. కాబట్టి ఏ ప్రమాదంలోనైనా మొదట తేల్చుకోవాల్సింది ఆ కార్మికుడికి ఇఎస్ఐ ఉందా లేదా అన్నది.

పదిమంది, అంతకు మించి పనిచేసే సంస్థల్లో నెల జీతం రూ.21,000 దాటనివారికి ఇఎస్ఐ వర్తిస్తుంది. ఈ జీత పరిమితి 2017 జనవరి నుంచి ఉంది. 2019 జూలై 1 నుంచి యజమాని 3.25 శాతం, కార్మికుడు 0.75 శాతం చందా కడతారు. పని గాయమైతే పనికి పోలేని రోజులకు సగటు రోజు కూలిలో 90 శాతం వస్తుంది. శాశ్వత వైకల్యానికి సామర్థ్యం పోయిన మేరకు జీవితాంతం నెలనెలా సొమ్ము వస్తుంది. మరణిస్తే భార్యకు, పిల్లలకు ఆశ్రితుల పింఛను అందుతుంది. పని గాయానికి ఇంతకాలం చందా కట్టి ఉండాలన్న షరతు లేదు. పనిలో చేరిన మొదటి రోజే ప్రమాదం జరిగినా హక్కు ఉంటుంది. యజమాని చందా ఎగ్గొట్టినా కార్పొరేషన్ కార్మికుడికి చెల్లించి, ఆ సొమ్మును యజమాని నుంచి రాబట్టుకోవచ్చు.

అయితే ఈ ప్రాంతపు రెండు పెద్ద పనులు 1948 చట్టం పరిధిలో లేవు. గనుల చట్టం కిందికి వచ్చే గనులను ‘ఫ్యాక్టరీ’ నిర్వచనం నుంచి తప్పించారు. పత్తి జిన్నింగ్, ప్రెస్సింగ్ మాత్రమే చేసే మిల్లులను ‘సీజనల్ ఫ్యాక్టరీ’లుగా లెక్కించి మినహాయించారు. ఉత్తర తెలంగాణలో బొగ్గు, పత్తి రంగాల కార్మికులు ప్రధానంగా యజమాని బాధ్యత మీదే ఆధారపడుతూ రావడానికి ఇదే కారణం.

బొగ్గు గనులు

గోదావరిఖని, మందమర్రి, శ్రీరాంపూర్, బెల్లంపల్లి ప్రాంతాల బొగ్గుబాయిల్లో ప్రమాదాలకు ప్రధాన కారణాలు పైకప్పు కూలడం, నీరు ముంచెత్తడం, యంత్రాలు, వాహనాలు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్ఈపీ గనిలోకి నీరు చొరబడి 17 మంది మరణించారు. అదే ఏడాది అక్టోబరు 16న 8ఎ ఇంక్లైన్‌లో పైకప్పు కూలి 10 మంది చనిపోయారు. 2022 మార్చిలో అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో పైకప్పు కూలి ముగ్గురు మరణించారు.

సింగరేణి పర్మినెంటు కార్మికుడి జీతం చట్టపు పరిమితికి చాలా పైన ఉంటుంది. అందువల్ల ఒకే వయసున్న జనరల్ మజ్దూర్‌కూ సీనియర్ ఆపరేటర్‌కూ చట్టం కింద వచ్చే పరిహారం ఒకటే. ఆ లోటును వేజ్ బోర్డు ఒప్పందాల కింద వచ్చే ఎక్స్‌గ్రేషియా, కారుణ్య నియామకం, ఉద్యోగం వద్దనుకున్న ఆశ్రితులకు నెలవారీ భృతి పూరిస్తాయి. 2024లో సింగరేణి తన ఉద్యోగులకు బ్యాంకు జీతపు ఖాతాతో ముడిపడిన కోటి రూపాయల ప్రమాద బీమా ఏర్పాటు చేసింది. ఇవన్నీ చట్టపరమైన పరిహారానికి అదనం. వీటిని చూపించి పరిహారాన్ని తగ్గించే వీలు లేదు.

ఓపెన్‌కాస్టు గనుల్లో మట్టి తీసే ఓవర్‌బర్డెన్ పనులు ఎక్కువగా కాంట్రాక్టు కంపెనీలవి. అక్కడి డ్రైవర్లకు, హెల్పర్లకు వేజ్ బోర్డు వర్తించదు. వారికి 1923 చట్టమే ప్రధాన ఆధారం.

గని దుమ్ముతో వచ్చే ఊపిరితిత్తుల జబ్బులను చట్టం ప్రమాదంతో సమానంగా చూస్తుంది. సిలికోసిస్, ఆంత్రాకో-సిలికోసిస్ మూడో షెడ్యూలులోని వృత్తి వ్యాధుల జాబితాలో ఉన్నాయి. పత్తి దుమ్ము వల్ల వచ్చే ఊపిరితిత్తుల వ్యాధి, మోతల వల్ల వచ్చే చెవుడు కూడా అందులోనే ఉన్నాయి. ఈ రెండూ జిన్నింగ్ మిల్లులకూ సిరిసిల్ల షెడ్లకూ నేరుగా సంబంధించినవి. అయినా వృత్తి వ్యాధుల మీద దావాలు వేసేవారు అరుదు. చెయ్యి తెగితే ఆ రోజే నలుగురూ చూస్తారు. చెవి మెల్లగా మొద్దుబారితే అది వయసు వల్లనే అనుకుంటారు.

జిన్నింగ్ మిల్లులు

ఆదిలాబాద్, భైంసా, ఆసిఫాబాద్ చుట్టుపక్కల మిల్లుల్లో పత్తి సీజను సుమారుగా అక్టోబరు నుంచి మార్చి వరకు నడుస్తుంది. రోలరు దగ్గర పత్తి ఇరుక్కుంటే యంత్రం ఆపకుండానే చేత్తో లాగడం చేతి గాయాలకు దారితీస్తుంది. యంత్రాన్ని ఆపితే గంటకు దిగే దూది తగ్గుతుంది, ఆ ఒత్తిడి కార్మికుడి మీద పడుతుంది. తరువాత దావాలో యజమాని తరఫున ‘యంత్రం ఆపమన్నాం, వినలేదు’ అన్న వాదన వస్తుంది. కార్మికుడు భద్రతా నియమాన్ని కావాలని ఉల్లంఘించినా, యంత్రపు రక్షణ గార్డును కావాలని తీసేసినా, తాగి ఉన్నా పరిహారం ఇవ్వక్కరలేదని చట్టంలో ఉన్న మాట నిజమే. కానీ మరణం, శాశ్వత సంపూర్ణ వైకల్యం సంభవించినప్పుడు ఈ వాదన చెల్లదు. మిగతా గాయాల్లో కూడా ‘కావాలని’ చేశాడన్నది యజమానే రుజువు చేయాలి.

సీజనులో మిల్లు రిజిస్టర్లలో పేర్లు ఎక్కని హమాలీలు, బయటి రాష్ట్రాల నుంచి ముఠా మేస్త్రి వెంట వచ్చిన కూలీలు ఉంటారు. ముఠాకు చెల్లించిన కూలి చిట్టా, వేబ్రిడ్జి రసీదు, గేటు పుస్తకం వారికి సాక్ష్యాలు.

సిరిసిల్ల సాంచాలు

సిరిసిల్లలో సాంచాల (మరమగ్గాల) మీద పనిచేసేవారికి నేరుగా కూలి ఇచ్చేది చాలాచోట్ల ఆసామి. అతడు యజమాని దగ్గర నూలు భీములు తెచ్చి, తన షెడ్డులోనో అద్దె షెడ్డులోనో నేయించి, బట్ట అప్పగిస్తాడు. షెడ్డులో బెల్టుకు చెయ్యి చిక్కినా, కరెంటు షాకు తగిలినా యజమాని ఎవరన్న ప్రశ్న వస్తుంది.

చట్టంలోని 12వ సెక్షన్ ప్రధాన యజమాని బాధ్యతను చెబుతుంది. తన వ్యాపారంలో మామూలుగా భాగమైన పనిని కాంట్రాక్టరుకు అప్పగిస్తే, ఆ కాంట్రాక్టరు కార్మికుడికి ప్రధాన యజమానే పరిహారం చెల్లించి, తరువాత కాంట్రాక్టరు నుంచి రాబట్టుకోవచ్చు. గనుల్లో, విద్యుత్ కేంద్రంలో, సిమెంటు ఫ్యాక్టరీలో ఈ సెక్షన్ బలంగా పనిచేస్తుంది. అయితే ప్రమాదం ప్రధాన యజమాని అధీనంలోని ఆవరణలోనో దాని పరిసరాల్లోనో జరగాలన్న షరతు అందులోనే ఉంది. ఆసామి షెడ్డు పెద్ద యజమాని అధీనంలో లేదు. అందువల్ల బాధ్యత ఆసామి దగ్గరే ఆగిపోయే అవకాశం ఎక్కువ. ఆ ఆసామి కూడా నాలుగు సాంచాలు అప్పుచేసి కొన్న నేత కుటుంబం వాడే కావచ్చు. బీమా లేకపోతే అతడి నుంచి రాబట్టడానికి ఏమీ ఉండదు. చట్టం చేతికి అందని చోటు ఏదైనా ఈ ప్రాంతంలో ఉందంటే అది ముందుగా ఇదే.

గ్రానైటు, బీడీలు, సాగు

కరీంనగర్ చుట్టుపక్కల గ్రానైటు క్వారీల్లో బండ జారడం, పేలుడు, క్రేను తెగడం వల్ల ప్రమాదాలు జరుగుతాయి. ఒడిశా, బీహార్, రాజస్థాన్ వంటి రాష్ట్రాల కార్మికులు ఇక్కడ పనిచేస్తారు. క్వారీ కూడా గనే కాబట్టి 1948 నాటి ఇఎస్ఐ చట్టం దానికి వర్తించేది కాదు. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, నిర్మల్ వైపు ఇళ్లలో బీడీలు చుట్టే మహిళలకు ప్రమాదం కంటే జబ్బు ముఖ్య సమస్య. వారికి బీడీ కార్మిక సంక్షేమ పథకాలు, భవిష్య నిధి, రాష్ట్ర పింఛను ప్రధాన ఆధారాలు. వ్యవసాయంలో ట్రాక్టరు, హార్వెస్టరు వంటి యంత్రాలతో పనిచేసేవారు 1923 చట్టం పరిధిలోకి వస్తారు. వాహన ప్రమాదమైతే మోటారు వాహనాల చట్టం కిందో పరిహార చట్టం కిందో ఏదో ఒకదాన్నే ఎంచుకోవాలి. 2018 ఆగస్టు 15న మొదలైన రైతుబీమా పట్టాదారు రైతు ఏ కారణంతో చనిపోయినా రూ.5 లక్షలు ఇస్తుంది. అది జీవిత బీమా. కూలికి వచ్చి ట్రాక్టరు కింద పడిన భూమిలేని మనిషికి అది వర్తించదు.

పరిహారం లెక్క

మరణానికి నెల జీతంలో 50 శాతాన్ని, శాశ్వత సంపూర్ణ వైకల్యానికి 60 శాతాన్ని వయసు గుణకంతో హెచ్చిస్తారు. కనీస మొత్తాలు వరుసగా రూ.1,20,000, రూ.1,40,000. జీతం రూ.15,000 దాటితే రూ.15,000గానే తీసుకుంటారు. గుణకం 20 ఏళ్లకు 224.00, 30కి 207.98, 40కి 184.17, 50కి 153.09, 60కి 117.41. 1923 చట్టం కింద అంత్యక్రియలకు కనీసం రూ.5,000 వేరుగా ఇవ్వాల్సి ఉండేది.

రూ.15,000, అంతకు మించి జీతమున్న 30 ఏళ్ల కార్మికుడు మరణిస్తే 7,500ను 207.98తో హెచ్చిస్తే రూ.15,59,850 వస్తుంది. అదే జీతంతో 50 ఏళ్లవాడైతే రూ.11,48,175.

పాక్షిక వైకల్యానికి మొదటి షెడ్యూలులో శాతాలున్నాయి. బొటనవేలు పోతే 30, ఒక చేతి నాలుగు వేళ్లూ పోతే 50, చెయ్యి పోతే 60, ఒక కన్ను పోయి రెండోది బాగుంటే 40 శాతం. నెలకు రూ.12,000 తీసుకునే 40 ఏళ్ల జిన్నింగ్ కార్మికుడికి ఒక చేతి నాలుగు వేళ్లూ తెగాయనుకుందాం. 12,000లో 60 శాతం 7,200. దాన్ని 184.17తో హెచ్చిస్తే రూ.13,26,024. అందులో సగం రూ.6,63,012. జాబితాలో లేని గాయాలకు, ఉదాహరణకు వెన్నుపూస దెబ్బకు, అర్హత ఉన్న వైద్యుడు సంపాదన సామర్థ్యం ఎంత పోయిందో అంచనా వేస్తాడు.

ఇక్కడ గమనించాల్సింది శరీరానికి జరిగిన నష్టం ఒకటి, సంపాదనకు జరిగిన నష్టం మరొకటి. 1968లో ఒక సినిమా హాలులో అలంకరణ పని చేస్తూ కింద పడి ఎడమ చెయ్యి మోచేతి దగ్గర కోల్పోయిన వడ్రంగి కేసులో, 1975 డిసెంబరులో సుప్రీంకోర్టు నలుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దీన్ని తేల్చింది. ఒంటిచేత్తో వడ్రంగి పని సాగదు కాబట్టి అతడి వైకల్యం సంపూర్ణమే అని చెప్పింది. పరిహారం ప్రమాదం జరిగిన రోజు నుంచే బాకీ అవుతుందన్నది అదే తీర్పు. సాంచా మీద నేతపని చేసేవారికి, లారీ డ్రైవరుకు, బండ కోసేవారికి ఈ తీర్పు ఇప్పటికీ ఆధారం.

తాత్కాలిక వైకల్యానికి పదిహేను రోజులకోసారి నెల జీతంలో 25 శాతం ఇవ్వాలి. ఇది గరిష్ఠంగా ఐదేళ్లు సాగుతుంది. మూడు రోజుల్లో తగ్గిపోయే గాయానికి పరిహారం లేదు. వైద్యానికి అయిన అసలు ఖర్చును యజమాని తిరిగి చెల్లించాలి.

యజమాని బాధ్యతలు, బీమా

మరణం, తీవ్ర గాయం సంభవిస్తే యజమాని ఏడు రోజుల్లో కమిషనరుకు (ఈ చట్టం కింద ఆ హోదాలో ఉండే కార్మిక శాఖ అధికారికి) నివేదిక పంపాలి. ఒప్పుకున్న మేరకు పరిహారాన్ని వివాదంతో సంబంధం లేకుండా ముందే కట్టాలి. బాకీ అయిన నెలలోగా కట్టకపోతే 12 శాతం సాధారణ వడ్డీ పడుతుంది. పైన చెప్పిన రూ.15,59,850 మీద అది ఏడాదికి రూ.1,87,182. సరైన కారణం లేకుండా జాప్యం చేస్తే 50 శాతం వరకు జరిమానా కూడా వేయవచ్చు. పనిలో చేర్చుకునేటప్పుడే పరిహార హక్కు గురించి కార్మికుడికి అర్థమయ్యే భాషలో రాసి ఇవ్వాలని 2017 సవరణ చెప్పింది. పరిహారం అడగనని కార్మికుడితో ముందే రాయించుకున్న కాగితం చెల్లదు.

అమెరికాలో ఒహాయో, వాషింగ్టన్ వంటి కొన్ని రాష్ట్రాల్లో ఈ బీమాను రాష్ట్ర ప్రభుత్వ నిధే నడుపుతుంది. తెలంగాణలో 1923 చట్టం పరిధికి అలాంటి రాష్ట్ర నిధి లేదు. బీమా తీసుకోవడం ఆ చట్టం కింద తప్పనిసరి కూడా కాదు. జనరల్ ఇన్సూరెన్స్ కంపెనీలు అమ్మే పాలసీని యజమాని ఇష్టపడి తీసుకుంటాడు. కార్మికుల సంఖ్య, ఏడాది జీతాల మొత్తం, పని స్వభావం చూసి ప్రీమియం నిర్ణయిస్తారు. పేలుడు పని చేసే క్వారీకి రేటు ఎక్కువ.

పాలసీ ఉన్నా సొమ్ము రాని సందర్భాలకు కారణాలు తరచూ మూడు. ప్రీమియం తగ్గించుకోవడానికి కార్మికుల సంఖ్యను తక్కువ చూపడం ఒకటి. కాంట్రాక్టరు మనుషులను పాలసీలో చేర్చకపోవడం రెండోది. వడ్డీ, జరిమానా పాలసీ పరిధిలో లేకపోవడం మూడోది. వడ్డీని మినహాయిస్తూ బీమా కంపెనీ రాసుకున్న షరతు చెల్లుతుందని 2006లో సుప్రీంకోర్టు చెప్పింది. మోటారు వాహన బీమాలో పరిస్థితి వేరు. అక్కడ వడ్డీ బీమా కంపెనీదే, జరిమానా యజమానిదే అని 1997 తీర్పు. బీమా కంపెనీ కట్టని భాగమంతా యజమాని సొంతంగా కట్టాలి.

దావా నడిచే తీరు

తెలంగాణలో కార్మిక శాఖ అధికారులే ఈ చట్టం కింద కమిషనర్లుగా వ్యవహరిస్తారు. గోదావరిఖనిలోని ఇండస్ట్రియల్ ట్రిబ్యునల్-కమ్-లేబర్ కోర్టు తొలగింపులు, పారిశ్రామిక వివాదాలు చూస్తుంది. పరిహారం దావా అక్కడ వేయకూడదు. సివిల్ కోర్టుకూ ఈ విషయంలో అధికారం లేదు.

ప్రమాదమైన, లేక మరణించిన తేదీ నుంచి రెండేళ్లలోగా దరఖాస్తు ఇవ్వాలి. తగిన కారణం ఉంటే ఆలస్యాన్ని కమిషనర్ మన్నించవచ్చు. మరణమైతే ఎఫ్ఐఆర్, పంచనామా, పోస్టుమార్టం నివేదిక, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, వయసు, జీతం రుజువులు కావాలి. గాయమైతే ఆసుపత్రి కాగితాలు, వైకల్య ధ్రువపత్రం కావాలి. మస్టరులో పేరు లేనివారికి తోటి కార్మికుల సాక్ష్యం, కూలి జమ అయిన బ్యాంకు ఖాతా, గేటు పాసు, సైటులో తీసిన ఫొటో కూడా పనికొస్తాయి. ఆసుపత్రిలో చేర్చినప్పుడు మొదటి కాగితంలో ‘ఇంట్లో జారిపడ్డాడు’ అని రాయిస్తే, తరువాత ఎన్ని సాక్ష్యాలు తెచ్చినా ఆ ఒక్క వాక్యం దావాను వెంటాడుతుంది.

మరణ కేసుల్లో చట్టం కట్టిన అతి ముఖ్యమైన రక్షణ 8వ సెక్షన్‌లో ఉంది. పరిహారాన్ని యజమాని కమిషనరు దగ్గరే జమ చేయాలి. కుటుంబానికి నేరుగా ఇచ్చిన సొమ్ము పరిహారం చెల్లించినట్టు లెక్కకు రాదు. మూడు నెలల జీతం మేరకు ముందుగా ఇచ్చిన సొమ్మును మాత్రం మినహాయించుకోవచ్చు. కమిషనర్ భార్య, పిల్లలు, తల్లి మధ్య వాటాలు తేల్చి, మైనర్ల వాటాను వారి పేర డిపాజిట్ చేయిస్తాడు. ఈ సొమ్మును అప్పులవాళ్లు జప్తు చేయలేరు.

వాస్తవంలో జరిగేది తరచూ వేరు. ప్రమాదం జరిగిన రోజే గేటు ముందు శవంతో ధర్నా, సంఘం నాయకులు, ఊరి పెద్దలు, పోలీసుల సమక్షంలో బేరం, ఇంతకు ఒప్పుకున్నామని తెల్ల కాగితం మీద సంతకాలు. ఆ పూట కుటుంబానికి చేతిలో సొమ్ము అవసరమన్నది కాదనలేని నిజం. ఒత్తిడి లేకపోతే కొందరు యజమానులు పైసా విదల్చరన్నదీ నిజమే. కానీ ఆ కాగితం కుటుంబపు చట్టబద్ధ హక్కును చెరిపేయదు. రాజీ డబ్బు తీసుకున్న తరువాత కూడా రెండేళ్లలోగా దావా వేయవచ్చు. ఈ సంగతి తెలియక చాలామంది అక్కడితో ఆగిపోతారు. రాజీ సొమ్ము ఎవరి చేతికి పోయిందో, చిన్నపిల్లల వాటా ఏమైందో చూసేవారు కూడా అక్కడ ఉండరు.

కేసును మూడు నెలల్లో తేల్చాలని చట్టం చెబుతుంది. ఆచరణలో నోటీసులు, బీమా కంపెనీ కౌంటరు, వైద్యుడి సాక్ష్యం వల్ల చాలా ఎక్కువ కాలం పడుతుంది. ఉత్తర్వు మీద 60 రోజుల్లో హైకోర్టుకు అప్పీలు వేయవచ్చు. అందులో ముఖ్యమైన న్యాయ ప్రశ్న ఉండాలి, అప్పీలు వేసే యజమాని ముందు మొత్తం సొమ్ము జమ చేయాలి. ఉత్తర్వు వచ్చాక కూడా కట్టకపోతే భూమి శిస్తు బకాయిలాగా వసూలు చేస్తారు.

వలస కార్మికులు

ఈ ప్రాంతం కార్మికులను రప్పిస్తుంది, పంపిస్తుంది కూడా. 1995 సవరణ తరువాత ప్రమాదం జరిగిన చోటే దావా వేయాలన్న నిర్బంధం పోయింది. కుటుంబం నివసించే చోట, లేదా యజమాని రిజిస్టర్డ్ కార్యాలయం ఉన్న చోట కూడా వేయవచ్చు. కరీంనగర్ క్వారీలో చనిపోయిన ఒడిశా కార్మికుడి కుటుంబం తమ జిల్లాలోనే దరఖాస్తు ఇవ్వవచ్చు. భివండీ మరమగ్గాల మీద గాయపడిన సిరిసిల్ల కార్మికుడు ఇంటికి వచ్చి ఇక్కడ వేయవచ్చు.

గల్ఫ్ విషయం వేరు. భారతదేశంలో రిజిస్టరైన కంపెనీ నియమించి విదేశానికి పంపినవారికే 1923 చట్టం వర్తిస్తుంది. జగిత్యాల, నిర్మల్, సిరిసిల్ల నుంచి ఏజెంటు ద్వారా దుబాయి కంపెనీలో చేరినవారికి ఆ దేశపు చట్టమే దిక్కు. యుఎఇలో పని ప్రమాదంలో మరణిస్తే 24 నెలల మూల వేతనం, కనీసం 18,000, గరిష్ఠం 2,00,000 దిర్హాములు ఇవ్వాలి. మూల వేతనం తక్కువ చూపి అలవెన్సులు ఎక్కువ రాసే ఒప్పందాల వల్ల ఈ మొత్తం కుంచించుకుపోతుంది. ఇమిగ్రేషన్ క్లియరెన్సు అవసరమైన పాస్‌పోర్టుపై వెళ్లేవారికి ప్రవాసీ భారతీయ బీమా కింద రూ.10 లక్షల ప్రమాద బీమా ఉంది. విజిట్ వీసాపై వెళ్లి పనిలో చేరినవారు దాన్ని కోల్పోతారు. గల్ఫ్‌లో మరణించినవారి కుటుంబాలకు తెలంగాణ ప్రభుత్వం 2024లో రూ.5 లక్షల ఎక్స్‌గ్రేషియా ప్రకటించింది.

సామాజిక భద్రత కోడ్, 2020

2025 నవంబరు 21న కేంద్రం నాలుగు కార్మిక కోడ్‌లను అమల్లోకి తెచ్చింది. 1923, 1948 చట్టాలు రెండూ సామాజిక భద్రత కోడ్‌లో కలిశాయి. పరిహారానికి అందులో ఏడో అధ్యాయం. కమిషనర్ స్థానంలో ‘కాంపిటెంట్ అథారిటీ’ అన్న పేరు వచ్చింది. లెక్క కట్టే పద్ధతి పాతదే. ఇంటి నుంచి పనికి, పని నుంచి ఇంటికి వస్తూపోతూ జరిగిన ప్రమాదం, పనితో దానికి సంబంధం రుజువైతే, కోడ్ పరిధిలోకి వస్తుంది. ఇఎస్ఐలో ఈ రక్షణ 2010 నుంచే ఉంది. 1923 చట్టానికీ ఇలాంటి అన్వయమే వర్తిస్తుందని 2025 జూలైలో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. తెల్లవారుజామున షిఫ్టుకు బైకు మీద వచ్చే గని, మిల్లు కార్మికులకు ఇది పెద్ద మార్పు.

వృత్తిపర భద్రత కోడ్ కింద, యజమాని నిర్లక్ష్యం రుజువై కోర్టు జరిమానా వేస్తే, అందులో సగానికి తగ్గకుండా బాధితుడికో వారసులకో ఇప్పించవచ్చు. ఇది పరిహారానికి అదనం.

సీజనల్ ఫ్యాక్టరీల మినహాయింపు మాత్రం కొత్త కోడ్‌లోనూ ఇఎస్ఐ విషయంలో అలాగే ఉంది. ఆదిలాబాద్ జిన్నింగ్ కార్మికులు మునుపటిలాగే యజమాని చెల్లింపు మీద, అతడు ఇష్టపడి తీసుకునే పాలసీ మీద ఆధారపడతారు. 2025 నవంబరు 21కి ముందు జరిగిన ప్రమాదాల హక్కులను పాత చట్టాల ప్రకారమే తేలుస్తారు.